ఫిర్యాదు మూసేశారు, సమస్య అలాగే ఉంది: ఇంటి ఇంటర్నెట్, టీవీ సర్వీసుపై చర్చ

నాలుగోఅంతస్తు | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇంటర్నెట్టు, టీవీ రెండూ ఒకే కంపెనీవి, రెండూ ఒకే ఫైబర్ తీగ మీద వస్తాయి. సెకనుకు 200 మెగాబిట్ల ప్లాను తీసుకున్నాము. గత రెండు నెలల్లో ఐదుసార్లు ఫిర్యాదు చేశాను. ఐదుసార్లూ "మీ సమస్య పరిష్కారమైంది" అనే సందేశం వచ్చింది, ఆ సందేశం వచ్చిన రోజు సాయంత్రమే సమస్య మళ్లీ మొదటికి వచ్చింది.

సాయంత్రం ఏడు దాటితే వెబ్‌పేజీలు తెరుచుకోవడానికి అవస్థ పడతాయి, వీడియోలు మధ్యలో ఆగిపోతాయి. టీవీ సంగతి వేరు. దానికి వేళాపాళా లేదు. పొద్దున్నే కూడా బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది, మాట తెగిపోతుంది, కొంతసేపటికి దానంతట అదే కుదురుకుంటుంది. మా అమ్మగారు మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేరు, పగలంతా ఆమెకు తోడు ఆ టీవీయే. అందువల్ల ఇది నాకు చిన్న అసౌకర్యంగా అనిపించడం లేదు.

టెక్నీషియన్లు వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం పూటే వచ్చారు. రూటర్ పక్కన నిలబడి, తమ ఫోనులో వేగం చూసి, 180 దాకా వస్తోందని నాకు చూపించి, లైను బాగానే ఉందని చెప్పి వెళ్లిపోయారు. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే రూటర్ ఒకసారి ఆపి మళ్లీ వేయమంటారు. ఫోను ఎత్తిన ప్రతి కొత్త మనిషికీ కథంతా మొదటి నుంచి చెప్పాలి. తప్పు నా ఇంట్లో ఉందా, వాళ్ల దగ్గర ఉందా అన్నది తేల్చుకునే దారి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

చిరుజల్లు | సోమవారం, రాత్రి 10:47

మీరు రాసినదంతా నా ఇంట్లో జరిగినట్టే ఉంది. నేను ఇంటి నుంచే వీడియో పాఠాలు చెబుతాను. విద్యార్థుల వైపు నుంచి నా మాట తెగిపోతోందని రోజూ ఫిర్యాదే. నా ప్లాను పేరులో ఉన్న పెద్ద సంఖ్య దిగుమతి వేగానిదేనని, మన వైపు నుంచి వెళ్లే ఎగుమతి వేగం అందులో పదో వంతు మాత్రమేనని నాకు ఏడాది తర్వాత తెలిసింది. ఆ మాట ఒప్పందంలో ఎక్కడో అడుగున ఉంది, అమ్మడానికి వచ్చిన వ్యక్తి మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు.

బిట్లు, బైట్ల తేడా కూడా ఎవరూ చెప్పరు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, 200 మెగాబిట్లు అంటే సెకనుకు 25 మెగాబైట్లు మాత్రమే. ఒక ఫైలు దించుకుంటున్నప్పుడు తెర మీద కనిపించే అంకె సాధారణంగా బైట్లలో ఉంటుంది. ఆ రెంటినీ పోల్చుకుని మోసపోయామని అనుకునేవారు ఎందరో ఉన్నారు. నిజంగా మోసం జరిగిన చోట గట్టిగా నిలబడాలంటే ముందు ఈ లెక్క సరిగ్గా చూసుకోవాలి.

తీగచుట్ట | మంగళవారం, ఉదయం 6:30

నేను కొన్నేళ్లు ఇలాంటి కంపెనీలోనే ఇళ్లకు వెళ్లి లైన్లు బాగుచేసే పని చేశాను, ఇప్పుడు ఆ పనిలో లేను. నాలుగోఅంతస్తు గారి సందేశం రెండుసార్లు చదివాను. నాకు అనిపించింది ఏమిటంటే, అక్కడ ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు, వాటిని ఒకే ఫిర్యాదులో కలిపి రాయడం వల్ల ఒకదానికి చేసిన పరీక్షతో రెండోదాన్ని కూడా మూసేస్తున్నారు.

సాయంత్రం మాత్రమే వేగం తగ్గుతోందంటే అది రద్దీ కావచ్చు. అయితే ఆ రద్దీ ఎక్కడో చూడాలి. చాలాచోట్ల వాడే జీపాన్ విధానంలో ఒక ఫైబర్‌ను 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. ఆ ఇళ్లన్నింటికీ కలిపి దిగుమతికి సెకనుకు 2.488 గిగాబిట్లు, ఎగుమతికి 1.244 గిగాబిట్లు ఉంటాయి. 32 ఇళ్లవారూ ఒకే క్షణంలో పూర్తిగా వాడినా ఒక్కొక్కరికి 77 మెగాబిట్లు దక్కాలి, 64 ఇళ్లయితే 38 దాకా దక్కాలి. మీకు అంతకంటే బాగా తక్కువ వస్తూ ఉంటే, ఇరుకు మీ వీధిలో కాక ఇంకా ముందు, అంటే కంపెనీ నెట్‌వర్కు బయటి నెట్‌వర్కులతో కలిసే చోట ఉండే అవకాశం ఎక్కువ.

టెక్నీషియన్ ఫోనులో 180 కనిపించడానికి మధ్యాహ్నం వేళ ఒక కారణం. రెండో కారణం, వాళ్ల యాప్ సాధారణంగా కంపెనీ సొంత సర్వర్‌తోనే వేగం కొలుస్తుంది. అది ఊళ్లోపలి రోడ్డు బాగుందని చూపించి, ఊరు దాటే వంతెన కూడా బాగుందని చెప్పడం లాంటిది. అందుకని ఈ వారం రోజులూ వైఫై వదిలేసి, కంప్యూటర్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి, ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి వేగం చూడండి. ప్రతిసారీ రెండు కొలతలు తీసుకోండి, ఒకటి కంపెనీ సర్వర్‌తో, ఒకటి బయటి సర్వర్‌తో.

టీవీకి వేరే పరీక్ష కావాలి. ఫైబర్ మీద వచ్చే టీవీ ఛానెళ్లు చాలావరకు కంపెనీ నెట్‌వర్కు లోపలే తిరుగుతాయి, బయటి వంతెన దాటవు. కాబట్టి సాయంత్రపు రద్దీకి, మీ అమ్మగారి టీవీలో బొమ్మ చెదరడానికి సంబంధం ఉండకపోవచ్చు. మామూలు ఇంటర్నెట్ వాడకంలో ఒక ప్యాకెట్, అంటే డేటా చిన్న మూట, పోతే దాన్ని మళ్లీ అడిగి తెప్పించుకుంటారు, మనకు కాస్త ఆలస్యంగా మాత్రమే తెలుస్తుంది. ప్రత్యక్ష ప్రసారంలో సాధారణంగా ఆ అవకాశం ఉండదు. ఒక్కో పెద్ద ప్యాకెట్‌లో 188 బైట్ల ముక్కలు ఏడు ఉంటాయి, అది పోతే ఏడూ పోతాయి, తరువాతి పూర్తి చిత్రం వచ్చేదాకా తెర మీద గళ్లు కనిపిస్తాయి. వెబ్‌పేజీలో మీకు తెలియకుండా పోయే లోపం టీవీలో వెంటనే కనిపించడానికి కారణం ఇదే. ఫైబర్ పెట్టె సెట్టింగుల పేజీలో అందుతున్న కాంతి ఎంతో డీబీఎం అనే కొలతలో రాసి ఉంటుంది, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గినట్టు. అది కూడా ప్రతిసారీ రాసుకోండి. సాధారణ పెట్టెలు మైనస్ 27 దాకా తట్టుకునేలా తయారవుతాయి. మైనస్ 25 దాటి కిందికి దిగితేనే నేను అనుమానించేవాణ్ణి.

పొద్దుతిరుగుడు | మంగళవారం, ఉదయం 9:05

తీగచుట్ట గారూ, మీ వివరణ ఎంతో విలువైనది, అందులో సందేహం లేదు. కానీ ఒక్క ప్రశ్న అడగక తప్పడం లేదు. ఈ పనంతా వినియోగదారుడు ఎందుకు చెయ్యాలి? నెలనెలా బిల్లు కట్టేవాడే లైను పరీక్షించాలా, కాంతి కొలవాలా, పట్టిక రాయాలా? మా పెద్దనాన్నగారు ఒంటరిగా ఉంటారు. ఫోను చేస్తే "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే గొంతు దాటి మనిషి దాకా చేరలేక పెట్టేస్తారు. ఆయన డీబీఎం ఎక్కడ చూస్తారు?

కంపెనీలు 99.9 శాతం సమయం సర్వీసు అందుబాటులో ఉంటుందని ప్రకటిస్తాయి. లెక్క వేస్తే, 30 రోజుల నెలలో 43 నిమిషాలు మాత్రమే ఆగాలి. ఆ లెక్కలో లైను పూర్తిగా చచ్చిపోయిన సమయమే చేరుతుంది కానీ, రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా లైను ఉండీ పనికిరాకుండా పోయిన సమయం చేరదు. మనకు కావలసింది సరిగ్గా ఆ నాలుగు గంటలే. పగలు పనికి వెళ్లి రాత్రి ఇంటికి వచ్చే మనిషికి మధ్యాహ్నపు 180తో ఏం పని?

తీగచుట్ట | మంగళవారం, మధ్యాహ్నం 1:40

మీ కోపం న్యాయమైనది. ఇది కంపెనీ చేయవలసిన పనే, కాదనను. నేను ఈ పరీక్షలు చెప్పింది కంపెనీ భారాన్ని మీరు మోయాలని కాదు. రాసిపెట్టిన అంకె చేతిలో ఉంటే ఫిర్యాదు అంత తేలిగ్గా మూసేయలేరు, అందుకు చెప్పాను.

లోపలి సంగతి కూడా కొంత చెప్పాలి. మాకు రోజుకు ఇన్ని ఇళ్లు అని లెక్క ఉండేది, ఒక్కో ఇంటికి దొరికే సమయం చాలా తక్కువ. ఫిర్యాదు ఇన్ని గంటల్లో మూసివేయాలని గడువు ఉండేది. సమస్య తీరిందా లేదా అని కొలిచే లెక్క మాత్రం ఉండేది కాదు. బయటి లింకులో ఇరుకు ఉందని నాకు తెలిసినా, దాన్ని రాయడానికి నా ఫోనులోని జాబితాలో గడియే లేదు. "వైఫై సరిచేశాను" అన్న గడి ఉంది, అదే నొక్కేవాణ్ణి. ఆ పని నాకు ఎప్పుడూ మనసొప్పలేదు. ఇంటికి వచ్చే కుర్రవాడి మీద కోప్పడకండి, అతని చేత మీ అంకెలు ఫిర్యాదులో రాయించండి.

గడియారంముల్లు | మంగళవారం, రాత్రి 8:22

తప్పు ఎప్పుడూ మన ఇంట్లోదే అని చెప్పే అలవాటుకు నా అనుభవం ఒకటి. ఇంటి గుమ్మం దగ్గర పెట్టిన కెమెరాను బయటి నుంచి ఫోనులో చూసుకునేవాణ్ణి. ఒక రోజు అది హఠాత్తుగా ఆగిపోయింది. కెమెరా పాడైందని, కొత్తది కొనమని కస్టమర్ కేర్ చెప్పింది, కొన్నాను. అదీ పనిచేయలేదు. చివరికి తెలిసింది ఏమిటంటే, కంపెనీ నాకు విడిగా ఉన్న ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో నా ఇంటి చిరునామా లాంటి అంకె, తీసేసి, ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే అడ్రసు వాడే పద్ధతిలోకి మార్చింది. దాంతో బయటి నుంచి నేరుగా నా కెమెరాను చేరే దారి పోయింది. నా రూటర్‌లో 100.64తో మొదలయ్యే అడ్రసు కనిపించింది. అది కంపెనీల లోపలి పంపకానికే 2012లో కేటాయించిన వరుస.

పాత పద్ధతి అడ్రసుల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది కాబట్టి కంపెనీల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. మార్చేముందు ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను ఆ కెమెరా కొనేవాణ్ణి కాదు.

నాలుగోఅంతస్తు | మరుసటి మంగళవారం, రాత్రి 9:50

తీగచుట్ట గారూ, వారం రోజులూ మీరు చెప్పినట్టే చేశాను. ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. లాన్ కేబుల్‌తో చూసిన మొదటి రోజు పగలు ఎన్నిసార్లు చూసినా, ఏ సర్వర్‌తో చూసినా 94 దాటలేదు. కంపెనీని తిట్టబోయి, ఆ అంకె ఒక్క మెట్టు కూడా కదలకపోవడం చూసి అనుమానం వచ్చి, కేబుల్ మార్చాను. పాత కేబుల్‌లో ఉన్న నాలుగు జతల తీగల్లో ఒకటి తెగి ఉన్నట్టుంది. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు, గిగాబిట్ వేగానికి నాలుగూ కావాలి. కేబుల్ మార్చాక ఉదయం పూట రెండు సర్వర్లతోనూ 190కి పైగా వచ్చింది.

ఇక రాత్రి తొమ్మిది గంటల కొలతలు. కంపెనీ సర్వర్‌తో ఏడు రోజుల్లోనూ 170కి తగ్గలేదు. అదే నిమిషంలో బయటి సర్వర్లతో ఒక రోజు 14, ఒక రోజు 11, అన్నింటికంటే మంచి రోజున 22. మూడు వేర్వేరు బయటి సర్వర్లతో చూశాను, తేడా పెద్దగా లేదు. మీరు చెప్పిన వంతెన మాట అక్షరాలా నిజమైంది.

టీవీ సంగతి మాత్రం నేను కనిపెట్టలేదు, మా అమ్మగారు కనిపెట్టారు. నేను కాంతి అంకెలు రాసుకుంటూ, ఒకసారి మైనస్ 23.9, ఒకసారి మైనస్ 28.3 ఎందుకు వస్తోందో తెలియక తల పట్టుకుని కూర్చుంటే, ఆమె వచ్చి "కిటికీ వేసినప్పుడే కదురా బొమ్మ చెదిరేది, ఆ వచ్చిన అబ్బాయిలకు కూడా రెండుసార్లు చెప్పాను" అన్నారు. వెళ్లి చూశాను. కనెక్షన్ ఇచ్చిన రోజున ఫైబర్ తీగను గోడకు రంధ్రం చేయకుండా కిటికీ చట్రం సందులోంచి లోపలికి తెచ్చారు. కిటికీ తెరిచి ఉంటే తీగ సాఫీగా ఉంటుంది. రెక్క మూస్తే చట్రం అంచు మీద నలిగి వంగుతోంది. తెరిచి చూస్తే మైనస్ 23.9, మూసి చూస్తే మైనస్ 28.3, పదిసార్లు చూసినా అంతే. ఈదురుగాలి తగులుతోందని ఆమె కిటికీ వేసుకున్నప్పుడల్లా ఆమె టీవీయే ఆగిపోతోంది.

ఆమె చెప్పిన మాట ఆ టెక్నీషియన్లు వినలేదు. నేను కూడా వినలేదు. ఆ రెండు నెలల్లో నాతో ఆమె ఈ మాట అనే ఉంటారు, నేను పట్టించుకుని ఉండను. అది తలచుకుంటే బాధగా ఉంది.

తీగచుట్ట | మరుసటి మంగళవారం, రాత్రి 10:31

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మైనస్ 23.9 నుంచి మైనస్ 28.3కు, 4.4 డెసిబెల్లు పడిపోవడమంటే అందవలసిన కాంతిలో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగులుతోందని అర్థం. పెట్టె తట్టుకునే హద్దు దాటిపోయింది కాబట్టి ప్యాకెట్లు పోతున్నాయి. మామూలు రకం ఫైబర్‌ను 30 మిల్లీమీటర్ల కంటే చిన్న వ్యాసార్థంతో వంచకూడదు. వంపు తట్టుకునే రకాలు 10, 7.5 మిల్లీమీటర్ల దాకా ఓర్చుకుంటాయి కానీ, కిటికీ చట్రం అంచుకు ఏ రకమూ ఆగదు.

ఇప్పుడు రెండు ఫిర్యాదులు విడివిడిగా, రాతపూర్వకంగా పంపండి. మొదటిదానిలో కిటికీ తెరిచినప్పుడు, మూసినప్పుడు తీసిన సెట్టింగుల పేజీ ఫొటోలు జతచేసి, తీగను గోడ గుండా కొత్తగా వేయమని అడగండి. రెండోదానిలో ఏడు రోజుల రాత్రి కొలతలు రాసి, బయటి నెట్‌వర్కుల లింకు సామర్థ్యం చూసే విభాగానికి పంపమని అడగండి. రెండోదానికి ఇంటికి మనిషిని పంపుతామంటే ఒప్పుకోకండి. మనిషి వస్తే ఫోను తీసి, 170 చూపించి, మూసేస్తాడు.

ఉత్తరపుగాలి | బుధవారం, ఉదయం 7:15

కంపెనీ మారిపోవాలని ఆలోచిస్తున్నవారికి ఒక మాట. నేను మారాను. మారడంలో పడిన ప్రయాస, ఉన్న కనెక్షన్‌తో పడినదానికంటే ఎక్కువైంది. కనెక్షన్ తీసుకోవడానికి యాప్‌లో రెండు నిమిషాలు చాలాయి. వదులుకోవడానికి యాప్‌లో దారే లేదు, ఫోను చేయాలి. ఫోను చేస్తే వెళ్లిపోయేవారిని ఆపడానికే ఉన్న విభాగానికి కలుపుతారు, వాళ్లు తగ్గింపులు చెబుతూ వినతిని నమోదు చేయకుండా సాగదీస్తారు. టీవీ ఒక్కటి మానేస్తానంటే ఇంటర్నెట్ మీద ఉన్న తగ్గింపు కూడా పోతుందని, ఒప్పందం గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని చెప్పారు.

రద్దు చేసుకున్నాక కూడా మూడు నెలలు బిల్లు వచ్చింది, రూటర్, సెట్‌టాప్ బాక్సు తిరిగి ఇవ్వలేదని అందులో రాశారు. వాటిని తీసుకెళ్లిన వ్యక్తి చేత, పెట్టెల సీరియల్ నంబర్లతో సహా రాయించుకున్న రసీదు నా దగ్గర ఉండబట్టి బయటపడ్డాను. ఇంకొక సంగతి, మారేముందు కొత్త కంపెనీ తన సొంత లైను మీద నడుస్తోందో, పాత కంపెనీ లైనునే అద్దెకు తీసుకుందో కనుక్కోండి. నా పక్కింటివారు మారిన కంపెనీ అదే లైను మీద నడిచేది, సాయంత్రపు కష్టం వారికి కొంచెం కూడా తగ్గలేదు.

కొండవాలు | బుధవారం, ఉదయం 11:20

మాకు మారడానికి మరో కంపెనీయే లేదు. మా దగ్గరికి తీగ రాదు, ఉపగ్రహ కనెక్షన్ ఒక్కటే దారి. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా వెళ్లి రావాలి కాబట్టి ఒక మాట పంపి జవాబు అందుకోవడానికి అర సెకను దాకా పడుతుంది. అది ప్రకృతి నియమం, దానితో నాకు గొడవ లేదు. కానీ అమ్మేటప్పుడు వేగం మాత్రమే చెప్పి ఈ ఆలస్యం చెప్పలేదు. వీడియో కాల్‌లో అవతలివారు మాట్లాడుతుండగానే నేనూ మాట్లాడటం మొదలుపెట్టి ఎన్నిసార్లు క్షమాపణ అడిగానో.

పొద్దుతిరుగుడు | బుధవారం, రాత్రి 9:02

నాలుగోఅంతస్తు గారి సందేశం చదివాక మా పెద్దనాన్నగారి ఇంటికి వెళ్లాను. రూటర్ ఇనుప బీరువా వెనక ఉంది, అక్కడ పెట్టింది కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవారే. బయటికి తీసి బల్ల మీద పెట్టగానే ఆయన గదిలో సిగ్నల్ నిలబడింది. ఈ పని నేను చేయగలిగాను సరే, ఆయన రెండేళ్లుగా ఫోను చేస్తూనే ఉన్నారు. "మీ రూటర్ ఎక్కడ ఉంది?" అని ఒక్కరైనా అడగలేదు. నా ప్రశ్న ఇప్పటికీ అదే.

నాలుగోఅంతస్తు | తరువాతి శనివారం, రాత్రి 9:25

రెండు ఫిర్యాదులూ విడివిడిగా పంపాను. మొదటిదానికి గురువారం మనిషి వచ్చాడు. ఫొటోలు చూశాక వాదించలేదు. గోడకు రంధ్రం చేసి కొత్త తీగ లోపలికి తెచ్చి, చివర కనెక్టర్ కొత్తది వేశాడు. ఇప్పుడు కాంతి మైనస్ 21.6 దగ్గర స్థిరంగా ఉంది. వెళ్లేముందు మా అమ్మగారి దగ్గరికి వచ్చి, కిటికీ వేసి, టీవీ ఐదు నిమిషాలు చూసి, "సరిగ్గా వస్తోందా అమ్మా?" అని అడిగాడు. ఆమెకు ఆ అడగడమే ఎక్కువ సంతోషాన్నిచ్చింది.

రెండో ఫిర్యాదుకు మొదట ఎప్పటిలాగే, ఇంటికి మనిషిని పంపుతామని సందేశం వచ్చింది. తీగచుట్ట గారు చెప్పినట్టు వద్దని రాసి, కొలతలు మళ్లీ జతచేశాను. నిన్న నెట్‌వర్కు విభాగం నుంచి లిఖితపూర్వకంగా జవాబు వచ్చింది. సాయంత్రం వేళల్లో బయటి లింకు మీద రద్దీ ఉన్న మాట నిజమేనని, సామర్థ్యం పెంచే పని జరుగుతోందని రాశారు. ఎప్పటికి పూర్తవుతుందో తేదీ ఇవ్వలేదు. తేదీ చెప్పమని, అప్పటిదాకా బిల్లులో తగ్గింపు ఇవ్వమని ఈ రోజు తిరిగి రాశాను.

ఇప్పుడే చూశాను, బయటి సర్వర్‌తో 19 వస్తోంది. ఆ ఫిర్యాదును మాత్రం ఇంకా మూసివేయలేదు.